పిల్లలతో విశాఖ విహారం: నగరంలో చూడదగిన స్థలాలు, ఒక్కరోజు యాత్రలు

(ప్రత్యేక వ్యాసం)

పాఠశాలలకు సెలవులు రాగానే రాష్ట్రం నలుమూలల నుండి, పొరుగున ఉన్న ఒడిశా, తెలంగాణ, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రాల నుండి కుటుంబాలు విశాఖపట్నానికి తరలిరావడం ఏటా జరిగేదే. ఒకవైపు బంగాళాఖాతం, మరొకవైపు తూర్పు కనుమలు, ఈ రెంటి నడుమ విస్తరించిన నగరం కావడం చేత ఇక్కడికి వచ్చిన బాలబాలికలకు సముద్రం, అడవి, గుహ, రెండు వేల ఏండ్లనాటి బౌద్ధారామం, నౌకాదళ చరిత్ర అన్నీ ఒక్కరోజులో వెళ్ళి రాగల దూరంలోనే లభిస్తున్నవి. వీటిలో పెక్కు స్థలాలు ప్రభుత్వ నిర్వహణలో ఉన్నందున సామాన్య కుటుంబాలకు సైతం అందుబాటులో ఉన్నవి.

అయితే పెద్దలకు అనువైన యాత్ర పిల్లలకు అనువైనది కానక్కరలేదు. పిల్లల వయస్సుకు తగిన స్థలాన్ని, తగిన వేళను ఎంచుకొనడం ఒకటి. సముద్రం వద్ద క్షణమైనా ఏమరుపాటు లేకుండా ఉండడం రెండవది. ఈ తీరంలో స్నానానికి దిగి ప్రాణాలు కోల్పోయిన వారి వార్తలు పత్రికలలో తరచు వస్తూనే ఉన్నవి. వారిలో అధికులు ఈ సముద్రపు స్వభావం తెలియక, సరదా కోసం నీటిలోకి దిగినవారే. అందుచేత చూడదగిన స్థలాల వివరాలతో పాటు తీసుకొనవలసిన జాగ్రత్తలను కూడా ఈ వ్యాసంలో పొందుపరచడమైనది.

సాగరతీరంలో జలాంతర్గామి, విమానం

నగరంలోని రామకృష్ణా బీచ్ పిల్లల యాత్రకు సహజమైన ఆరంభస్థలం. ఇక్కడి ప్రధాన ఆకర్షణ ఐ.ఎన్.ఎస్. కురుసుర జలాంతర్గామి మ్యూజియం. సోవియట్ యూనియన్‌లో నిర్మితమైన ఈ జలాంతర్గామి 1969 డిసెంబర్ 18న భారత నౌకాదళంలో చేరి, 31 సంవత్సరాల సేవ అనంతరం 2001 ఫిబ్రవరి 27న విరమణ పొందింది. దీనిని ఒడ్డుకు చేర్చి మ్యూజియంగా తీర్చిదిద్దిన అనంతరం 2002 ఆగస్టు 9న అప్పటి ముఖ్యమంత్రి శ్రీ ఎన్. చంద్రబాబు నాయుడు ప్రారంభించారు. అదే నెల 24వ తేదీ నుండి ప్రజల సందర్శనకు తెరవబడింది.

సుమారు 91 మీటర్ల పొడవు గల ఈ జలాంతర్గామిలో డెబ్భై మందికి పైగా సిబ్బంది వారాల తరబడి జీవించేవారు. ఒకరిపై ఒకరుగా అమర్చిన ఇరుకైన పడకలు, చిన్న వంటగది, టార్పెడో గొట్టాలు, పెరిస్కోపు, గోడల నిండా కవాటాలు, కొలత యంత్రాలు నాటి స్థితిలోనే కనిపిస్తవి. ఒక గది నుండి మరొక గదికి గుండ్రని ఇరుకు ద్వారాల గుండా వంగి వెళ్ళవలసి ఉంటుంది. పెద్దలకు ఇది శ్రమ అయినా పిల్లలకు ఆటవలె ఉంటుంది. నౌకాదళంలో పనిచేసి పదవీ విరమణ పొందిన సిబ్బంది మార్గదర్శకులుగా వివరాలు తెలియజేస్తారు.

జలాంతర్గామి ఎట్లు మునుగుతుంది, ఎట్లు తేలుతుంది అన్నది పిల్లలు తప్పక అడిగే ప్రశ్న. దీని ఇరుపక్కల గల తొట్లలోకి సముద్రపు నీటిని వదిలినచో బరువు పెరిగి మునుగుతుంది; గట్టిగా కూర్చి ఉంచిన గాలితో ఆ నీటిని వెలుపలికి నెట్టినచో తేలికై పైకి వస్తుంది. ఉపరితలంపై ఉన్నప్పుడు డీజిల్ ఇంజన్లతో బ్యాటరీలను నింపుకొని, నీటి లోపల ఆ బ్యాటరీల విద్యుత్తుతో ప్రయాణిస్తుంది. ఈ రెండు సంగతులు ముందుగా చెప్పి లోనికి తీసుకొని వెళ్ళినచో పిల్లలకు ప్రతి యంత్రమూ అర్థవంతమవుతుంది.

కురుసురకు ఎదురుగా టి.యు.-142 విమాన మ్యూజియం ఉన్నది. సముద్రంపై సుదూర గస్తీకి, శత్రు జలాంతర్గాములను కనిపెట్టడానికి ఉపయోగించిన ఈ రకపు విమానాలు 1988 నుండి 2017 వరకు 29 సంవత్సరాల పాటు భారత నౌకాదళానికి సేవలందించినవి. ఈ మ్యూజియాన్ని 2017 డిసెంబర్ 7న అప్పటి రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. నాలుగు ఇంజన్లకు ఒక్కొక్కదానికి రెండేసి చొప్పున, ఒకదానికొకటి వ్యతిరేక దిశలో తిరిగే ప్రొపెల్లర్లు అమర్చి ఉండడం దీని విశేషం. నీటి లోపల దాగే జలాంతర్గామిని, దానిని ఆకాశం నుండి వెదికే విమానాన్ని రోడ్డుకు అటూ ఇటూ చూడగలగడం పిల్లలకు మరువరాని అనుభవం.

1971 యుద్ధ విజయానికి గుర్తుగా 1996లో నిర్మించిన 'విక్టరీ ఎట్ సీ' స్మారకం కూడా ఈ తీరంలోనే ఉన్నది. సమీపంలో డచ్చివారి కాలపు భవనంలో 1991లో నెలకొల్పిన విశాఖ మ్యూజియం నగర చరిత్రను తెలుపుతుంది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపై బాంబులు వేసినవి. నాటి పేలని బాంబు ఒకటి ఈ మ్యూజియంలో ప్రదర్శించబడుతున్నది. యుద్ధం తమ ఊరి గడప దాకా వచ్చిందని ఎదిగిన పిల్లలు గ్రహించడానికి ఇది తోడ్పడుతుంది.

సముద్రం వద్ద జాగ్రత్తలు

విశాఖ తీరంలో ఒడ్డు నుండి కొద్ది దూరంలోనే లోతు హఠాత్తుగా పెరిగే చోట్లు పెక్కు ఉన్నవి. దీనికి తోడు 'రిప్ కరెంట్' అనబడే, వెనుకకు లాగే ప్రవాహాలు ఏర్పడుతుంటవి. అలలు ఒడ్డుకు తెచ్చిన నీరంతా ఒక సన్నని పాయగా కూడి, వేగంగా తిరిగి సముద్రంలోకి పోవడమే ఈ ప్రవాహం. అది ఉన్న చోట అలలు తక్కువగా విరుగుతవి కనుక, నీరు ప్రశాంతంగా ఉన్నట్లు కనిపించి కొత్తవారిని మోసగిస్తుంది. స్థలమూ, సమయమూ మారుతుండడం చేత, నిన్న క్షేమంగా ఉన్న చోటు నేడు క్షేమమని చెప్పడానికి వీలులేదు.

ఈ కారణంగా తల్లిదండ్రులు, విద్యార్థి బృందాలను తీసుకొని వచ్చే ఉపాధ్యాయులు ఈ క్రింది విషయాలను తప్పక పాటించవలసి ఉన్నది:

1. గజ ఈతగాళ్ళు, పోలీసులు ఉన్న చోట మాత్రమే, వారు అనుమతించిన మేరకే నీటి అంచుకు వెళ్ళాలి. ప్రమాద సూచికలు, ఎర్ర జెండాలు ఉన్న చోట దిగరాదు.

2. పిల్లలను పాదాలు తడిసే అంచు వరకే ఉంచి, చేయి పట్టుకొని ఉండాలి. ఒడ్డున కూర్చొని చూస్తుండడం కాపలా కాజాలదు. పదిమంది పెద్దలు ఉన్నప్పుడు ఎవరికి వారు ఇతరులు చూస్తున్నారని భావించడమే పలు ప్రమాదాలకు మూలం. కనుక ఏ బిడ్డ ఎవరి బాధ్యతో ముందుగానే నిర్ణయించుకొనాలి.

3. సూర్యాస్తమయం తరువాత, వర్షం కురుస్తున్నప్పుడు, తుఫాను లేక అల్పపీడన హెచ్చరికలు ఉన్న రోజులలో నీటిలోకి దిగరాదు. నైరుతి ఋతుపవనాల కాలంలోను, అక్టోబర్ నుండి డిసెంబర్ వరకు గల తుఫానుల కాలంలోను సముద్రం మరింత ఉధృతంగా ఉంటుంది.

4. తడిసి నాచు పట్టిన రాళ్ళపైకి ఫోటోల కోసం ఎక్కరాదు.

5. ప్రవాహంలో చిక్కుకొన్నవారు ఒడ్డు వైపు ఎదురీదక, తీరానికి సమాంతరంగా ప్రక్కకు జరిగి, ప్రవాహం నుండి బయటపడిన పిమ్మట ఒడ్డుకు రావాలి. ఈత రాని వారు రక్షించబోయి తాము కూడా మునగడం తరచు జరుగుతున్నది. అటువంటి వేళ కేకలు వేసి సహాయం పిలవడం, తేలే వస్తువును లేక తాడును అందించడం సరియైన పద్ధతి.

నగరానికి సుమారు 8 కిలోమీటర్ల దూరంలోని ఋషికొండ బీచ్‌కు 2020లో 'బ్లూ ఫ్లాగ్' గుర్తింపు లభించింది. ఆ ఏడాది దేశంలో ఈ అంతర్జాతీయ గుర్తింపు పొందిన తొలి ఎనిమిది బీచ్‌లలో ఇది ఒకటి. నీటి నాణ్యత, పరిశుభ్రత, రక్షణ ఏర్పాట్లు వంటి 33 ప్రమాణాల ఆధారంగా ఈ గుర్తింపు ఇవ్వబడుతుంది. అయినను గుర్తింపు గల తీరంలో సైతం పై జాగ్రత్తలలో ఏ ఒక్కటీ సడలించరానిది.

జూ పార్కు, కంబాలకొండ, కైలాసగిరి

మరీ చిన్న పిల్లలున్న కుటుంబాలకు సముద్రం కన్న జూ పార్కు అనువైనది. 1977లో ప్రారంభమైన ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాల 625 ఎకరాలలో విస్తరించి ఉన్నది. కొండల నడుమ, అడవిని ఆనుకొని ఉండడం చేత ఇది నగరంలోని తోటవలె గాక అడవిలోని బాటవలె ఉంటుంది. జాతీయ రహదారి వైపు ఒకటి, బీచ్ రోడ్డు వైపు ఒకటి ప్రవేశ ద్వారాలు కలవు. అంతరించిపోతున్న రేచుకుక్కల సంరక్షణ, సంతానోత్పత్తి కార్యక్రమంలో ఈ జూ పార్కు పాలుపంచుకొంటున్నది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను తాకినప్పుడు ఇక్కడి చెట్లు పెద్ద సంఖ్యలో నేలకూలినవి.

జంతువులు ఉదయం వేళ చురుకుగా ఉండి, మధ్యాహ్నం నీడలో పడుకొంటవి. కనుక తెరిచిన వెంటనే చేరుకొని, ఎండ ముదరక ముందే ముగించడం ఉత్తమం. ఆవరణ విశాలమైనందున పసిపిల్లలను మొత్తం నడిపించడం సాధ్యం కాదు. బ్యాటరీ వాహనాల సదుపాయాన్ని వినియోగించుకొనవచ్చును. జంతువులకు తినుబండారాలు వేయడం, రాళ్ళు విసరడం, అద్దాలు కొట్టడం నిషిద్ధం. పిల్లలు దీనిని పెద్దల నడవడి చూచి నేర్చుకొంటారు.

జూ పార్కును ఆనుకొని ఉన్న కంబాలకొండ సుమారు 70 చదరపు కిలోమీటర్ల అడవి. 2002లో దీనిని అభయారణ్యంగా ప్రకటించారు. చిరుతపులి మొదలుకొని పలు రకాల పక్షులు, సీతాకోకచిలుకల వరకు ఇక్కడ నివసిస్తున్నవి. అటవీశాఖ నిర్వహించే పర్యావరణ విహార కేంద్రంలో నడక బాటలు ఉన్నవి. పది సంవత్సరాలు దాటిన పిల్లలకు ఇది తగిన స్థలం. నిర్దేశించిన బాట దాటరాదు. ఉదయపు నడకలో పిల్లలు పెద్దలకు ముందు గాక మధ్యలో ఉండాలి.

కైలాసగిరి కొండపై శివపార్వతుల విగ్రహాలు, పిల్లల ఆటస్థలాలు, కొండ చుట్టూ తిరిగే బొమ్మ రైలు ఉన్నవి. ఇక్కడి నుండి నగరం, తీరరేఖ, ఓడల రాకపోకలు ఒక పటంవలె కనిపిస్తవి. సాయంత్రం చల్లని వేళ ఈ కొండకు తగిన సమయం. రోప్‌వే, బొమ్మ రైలు వంటివి మరమ్మతుల నిమిత్తం, గాలి వేగం వలన నిలిపివేయడం జరుగుతుంటుంది. కనుక వాటి కోసమే వచ్చేవారు ముందుగా విచారించుకొనడం మంచిది.

భీమిలి మార్గంలో ఒక్కరోజు

విశాఖ నుండి భీమునిపట్నం వరకు సముద్రం వెంబడి సాగే సుమారు 25 కిలోమీటర్ల మార్గం ఒక్కరోజు యాత్రకు ఎంతయో అనువైనది. ప్రయాణం స్వల్పం కావడం చేత పిల్లలు అలసిపోరు.

ఈ మార్గంలో మొదటగా చూడదగినవి బౌద్ధ స్థలాలు. నగరానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో తొట్లకొండ, దానికి సమీపంలో బావికొండ ఉన్నవి. నౌకాదళం తన అవసరాలకు స్థలం కోసం జరిపిన విమాన సర్వేలో తొట్లకొండ వెలుగులోకి రాగా, రాష్ట్ర పురావస్తు శాఖ 1988లో తవ్వకాలు ప్రారంభించింది. స్తూపాలు, విహారాలు, భోజనశాల పునాదులు బయల్పడినవి. సుమారు రెండు వేల ఏండ్ల క్రితం భిక్షువులు ఇక్కడ నివసించి, తీరం వెంబడి సాగే సముద్ర వర్తకంతో సంబంధం కలిగి ఉండేవారు.

పేర్లలోనే ఈ కొండల రహస్యం ఇమిడి ఉన్నది. వాననీటిని నిలువ చేయడానికి రాతిలో తొలిచిన తొట్ల వలన తొట్లకొండకు, బావుల వలన బావికొండకు ఆ పేర్లు వచ్చినవి. భీమిలి వద్ద గల పావురాలకొండపై కూడా రాతిలో తొలిచిన నీటి తొట్లు ఉన్నవి. నది గాని చెరువు గాని లేని కొండపై అంతమంది ఎట్లు జీవించారన్న ప్రశ్నకు పిల్లలే సమాధానం వెదకవచ్చును. ఇంటి పైకప్పు నీటిని ఇంకుడు గుంతలకు మళ్ళించమని పాఠశాలలో చెప్పే పాఠం ఇక్కడ కంటికి కనిపిస్తుంది.

ఇదే మార్గంలోని ఎర్రమట్టి దిబ్బలు సముద్రమట్టం హెచ్చుతగ్గుల వలన, గాలి, వాన ప్రభావం వలన వేల ఏండ్లుగా రూపుదిద్దుకొన్నవి. ఇటువంటి నిక్షేపాలు దక్షిణాసియాలో ఇక్కడ గాక తమిళనాడులోను, శ్రీలంకలోను మాత్రమే ఉన్నవి. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ దీనిని భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025లో ఇది యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలో చేరింది. ఒకసారి చెరిగిన దిబ్బ మరల ఏర్పడదు. కావున దిబ్బల అంచులు ఎక్కడం, మట్టిని తవ్వడం, గోడలపై పేర్లు చెక్కడం పిల్లల చేత చేయించరాదు. వర్షాలలో గట్లు విరిగిపడే అవకాశం ఉన్నందున ఆ సమయంలో వాగులలోకి దిగరాదు.

యాత్ర చివర భీమునిపట్నం. 1861లో ఏర్పడిన భీమునిపట్నం పురపాలక సంఘం దేశంలోని ప్రాచీన పురపాలక సంఘాలలో ఒకటి. ఇక్కడి డచ్ శ్మశానవాటిక, దీపస్తంభం ఒకనాటి రేవు వైభవానికి గుర్తులు. గోస్తని నది సముద్రంలో కలిసేది ఇక్కడనే. సంగమం వద్ద నీటి లోతు, ఇసుక తిన్నెల స్థానం మారుతుంటవి కనుక అక్కడ స్నానానికి దిగరాదు.

గోస్తని పుట్టిన చోటు: బొర్రా గుహలు, అరకు

భీమిలిలో సముద్రాన్ని చూచిన పిల్లలకు ఆ నది పుట్టిన కొండలను చూపడం ఒక చక్కని రెండవ యాత్ర. గోస్తని అనంతగిరి కొండలలో జన్మించి, బొర్రా గుహల గుండా ప్రవహించి, విజయనగరం జిల్లాలోని తాటిపూడి జలాశయాన్ని నింపి, భీమిలి వద్ద బంగాళాఖాతంలో కలుస్తుంది. తాటిపూడి నుండి విశాఖ నగరానికి త్రాగునీరు అందుతున్నది. గుహను తొలిచిన నీరే నగరంలోని కుళాయికి వచ్చుచున్నదన్న సంగతి పిల్లలకు చెప్పదగినది.

నగరానికి సుమారు 90 కిలోమీటర్ల దూరంలో ఉన్న బొర్రా గుహలు సున్నపురాతి గుహలు. గాలిలోని బొగ్గుపులుసు వాయువు కలిసిన వాననీరు సున్నపురాతిని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. ఆ నీరు పైకప్పు నుండి బొట్లుబొట్లుగా జారినప్పుడు, అందులోని సున్నం మిగిలి పైనుండి వ్రేలాడే స్తంభాలుగాను, క్రింద పడిన చోట నేల నుండి లేచే స్తంభాలుగాను పేరుకొంటుంది. ఇది వేల ఏండ్లకు గాని కంటికి కనిపించేంత పెరగదు. చేతి జిడ్డు తగిలినచో ఆ పెరుగుదల నిలిచిపోయే ప్రమాదం ఉన్నందున రాళ్ళను తాకరాదు. ఆవు ఒకటి పై రంధ్రం నుండి గుహలో పడగా, దానిని వెదకుచు వెళ్ళిన పశువుల కాపరులు లోపల శివలింగాన్ని కనుగొన్నారని స్థానిక కథనం. గుహలోని లింగాన్ని ఆ ప్రాంతపు గిరిజనులు, యాత్రికులు పూజిస్తారు.

గుహలోనికి అనేక మెట్లు దిగి, తిరిగి ఎక్కవలసి ఉంటుంది. నేల తడిగా, జారుడుగా ఉంటుంది. జారని చెప్పులు అవసరం. చంటిపిల్లలను తోపుడు బండిలో తీసుకొని వెళ్ళడం సాధ్యం కాదు. చీకటికి, గబ్బిలాలకు భయపడే పిల్లలను బలవంతపెట్టరాదు.

విశాఖ నుండి కిరండూల్ వెళ్ళే రైలు ఉదయం బయలుదేరి బొర్రా, అరకుల మీదుగా సాగుతుంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని రేవుకు చేర్చడానికి 1960వ దశకంలో నిర్మించిన ఈ మార్గంలో యాభైకి పైగా సొరంగాలు ఉన్నవి. 2017 ఏప్రిల్‌లో ఈ మార్గంలో అద్దాల పెట్టె ప్రవేశపెట్టబడింది. సొరంగాలు లెక్కపెట్టడమే పిల్లలకు పెద్ద ఆట. కిటికీల నుండి తల, చేతులు బయట పెట్టకుండా, తలుపుల వద్ద నిలబడకుండా చూడాలి.

అరకులో గిరిజన మ్యూజియం, పద్మాపురం ఉద్యానవనం, కాఫీ తోటలు చూడదగినవి. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. అయితే బొర్రా, అరకు రెండింటినీ ఒక్కరోజులో ముగించాలన్న తొందర చిన్న పిల్లలకు తగదు. ఘాట్ రోడ్డు మలుపులలో వారికి వాంతులు కావడం, రాత్రి పొద్దుపోయి తిరుగు ప్రయాణం చేయవలసి రావడం సాధారణం. ఎనిమిదేండ్ల లోపు పిల్లలున్నచో ఒక్కరోజుకు బొర్రా ఒక్కటే చాలు. అరకుకు ఒక రాత్రి బస ఏర్పాటు చేసుకొనడం మంచిది. గిరిజన గ్రామాలలో అనుమతి లేకుండా ఇండ్లలోకి వెళ్ళడం, ఫోటోలు తీయడం మర్యాద కాదు. థింసా నృత్యం వారి పండుగలలో, జీవితంలో భాగమని పిల్లలకు తెలియజెప్పాలి.

ఏటికొప్పాక బొమ్మలు, కొండకర్ల ఆవ

నగరానికి సుమారు 65 కిలోమీటర్ల దూరంలో, ఎలమంచిలి సమీపాన వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక లక్కబొమ్మలకు ప్రసిద్ధి. అంకుడు కర్రను తిరుగుడు యంత్రంపై అమర్చి ఉలితో నునుపు చేసి, తిరుగుతుండగానే రంగు లక్కను తాకించినచో రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకొంటుంది. మొగలి ఆకుతో మెరుగు పెడతారు. గింజలు, వేళ్ళు, బెరడు, ఆకుల నుండి తీసిన రంగులు వాడడం ఇక్కడి ప్రత్యేకత. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించగా, 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో రాష్ట్ర శకటం ఈ బొమ్మల ఇతివృత్తంతోనే సాగింది.

బొంగరాలు, లక్కపిడతలు, లాగుడు బండ్లు కంటి ఎదుట తయారు కావడం చూచిన పిల్లలకు వస్తువు విలువ తెలిసివస్తుంది. పసివారు బొమ్మలను నోట పెట్టుకొంటారు కనుక సహజ రంగుల బొమ్మలనే అడిగి తీసుకొనాలి. కళాకారుల వద్ద నేరుగా కొన్నచో ధర మొత్తం వారికే చేరుతుంది. యంత్రాలు, ఉలులు ఉన్న చోట పిల్లలను దూరంగా నిలబెట్టాలి.

ఇదే దిశలో, అచ్యుతాపురం మండలంలోని కొండకర్ల ఆవ మంచినీటి సరస్సు. శీతకాలంలో ఇక్కడికి వలస పక్షులు వస్తవి. నవంబర్ నుండి ఫిబ్రవరి వరకు ఉదయపు వేళ చూడదగినది. ప్రాణరక్షక కోటు లేకుండా పిల్లలను పడవ ఎక్కించరాదు.

వయస్సును బట్టి ఎంపిక

అయిదేండ్ల లోపు: జూ పార్కు (ఉదయం), కైలాసగిరి (సాయంత్రం), ఒడ్డున ఇసుక ఆటలు. రోజుకు ఒక్క స్థలం మాత్రమే.

ఆరు నుండి పదేండ్ల వరకు: కురుసుర, టి.యు.-142, తొట్లకొండ, ఏటికొప్పాక; ఎనిమిదేండ్లు దాటినవారికి బొర్రా గుహలు.

పదేండ్లు దాటినవారు: విశాఖ మ్యూజియం, కంబాలకొండ నడక, ఎర్రమట్టి దిబ్బలు, అరకు రైలు ప్రయాణం.

సాధారణ సూచనలు

జూ పార్కు, కురుసుర మ్యూజియం సోమవారం మూసి ఉంటవి. ప్రవేశ రుసుము, వేళలు మారుతుంటవి గనుక బయలుదేరే ముందు తెలుసుకొనాలి. ఏప్రిల్, మే మాసాలలో ఉదయం పది గంటల నుండి సాయంత్రం నాలుగు గంటల వరకు ఆరుబయలు స్థలాలను మానుకొని మ్యూజియంలు చూడవచ్చును. నవంబర్ నుండి ఫిబ్రవరి వరకు యాత్రకు అన్నివిధాల అనుకూలమైన కాలం.

రద్దీ స్థలాలలో పిల్లలు తప్పిపోవడం సర్వసాధారణం. తల్లిదండ్రుల ఫోను నంబరు గల చీటీని బిడ్డ జేబులో ఉంచాలి. తప్పిపోయినచో ఎక్కడ నిలబడాలో, ఎవరిని అడగాలో ముందే చెప్పాలి. విద్యార్థి బృందాలలో ప్రతి పదిమందికి ఒక పెద్ద చొప్పున ఉండి, వాహనం ఎక్కిన ప్రతిసారి లెక్క చూచుకొనడం మేలు.

అత్యవసర సహాయానికి 112, అంబులెన్సుకు 108, బాలల సహాయానికి 1098, తీర రక్షణకు సంబంధించిన సమాచారానికి 1093 నంబర్లను సంప్రదించవచ్చును.

పాత్రికేయులు, అధికారుల దృష్టికి

2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణ అనంతరం పై స్థలాలన్నీ ఒకే జిల్లాలో లేవు. బొర్రా, అరకు అల్లూరి సీతారామరాజు జిల్లాలోను, ఏటికొప్పాక, కొండకర్ల అనకాపల్లి జిల్లాలోను ఉన్నవి. పాత ప్రచురణలలో ఇవన్నీ విశాఖపట్నం జిల్లాగా పేర్కొనబడినవి. ప్రమాదాలు, తుఫాను హెచ్చరికలు, సందర్శన నిలుపుదల వంటి విషయాలలో సంబంధిత జిల్లా యంత్రాంగాన్నే సంప్రదించవలసి ఉంటుంది.

ఒకప్పటి విశాఖపట్నం నగరాభివృద్ధి సంస్థ (వుడా) 2018లో విశాఖపట్నం మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ (వి.ఎం.ఆర్.డి.ఎ.)గా మారింది. 1971 యుద్ధంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ తీరంలో మునిగిన సంఘటనతో కురుసురను ముడిపెట్టి వ్రాయడం కానవస్తున్నది, అది సరికాదు. ఆ యుద్ధవేళ కురుసుర అరేబియా సముద్రంలో గస్తీ నిర్వహించింది. టి.యు.-142ను బాంబర్‌గా పేర్కొనడం కూడా పొరపాటే. అది సముద్ర గస్తీకి, జలాంతర్గాముల అన్వేషణకు వినియోగించిన విమానం.

సెలవు రోజులలో విహార స్థలాల గురించి వ్రాసే ప్రతి వార్తలోను వాటి అందచందాలతో పాటు సముద్రం వద్ద పాటించవలసిన జాగ్రత్తలను రెండు వాక్యాలలోనైనా చేర్చినచో, దూరప్రాంతాల నుండి వచ్చే కుటుంబాలకు మేలు జరుగుతుంది. ఈ తీరపు స్వభావం తెలిసిన స్థానికులకన్న, మొదటిసారి సముద్రాన్ని చూచే పిల్లలకు, వారి తల్లిదండ్రులకు ఆ రెండు వాక్యాల అవసరం ఎక్కువ.